వేడినీళ్ల లైన్ మార్పు: పీపీఆర్ అతుకుల డైరీ

పని ఇదీ

పాత జీఐ పైపు (జింక్ పూత వేసిన ఇనుప పైపు) లోపల తుప్పు పేరుకుపోయింది. గీజర్ బాగానే ఉన్నా పై అంతస్తు బాత్రూమ్‌లో నీళ్లు సన్నటి ధారగా వస్తున్నాయి. లైన్ మొత్తం తీసేసి పీపీఆర్ వేయాలని నిర్ణయం. పీపీఆర్ అంటే పాలీప్రొపిలీన్ రాండమ్ కోపాలిమర్. దీన్ని జిగురుతో అతకరు, వేడి చేసి అతుకుతారు.

సీపీవీసీ (వేడినీళ్లకు పనికొచ్చే పీవీసీ రకం) వేస్తే సులువు కదా అని ఇంట్లో అడిగారు. సులువే. డబ్బాలో సాల్వెంట్ సిమెంట్, ఒక బ్రష్, ఒక కట్టర్ ఉంటే చాలు. పీవీసీ, సీపీవీసీలను సాల్వెంట్ మెత్తబరుస్తుంది, అందుకే వాటికి ఆ పద్ధతి. పాలీప్రొపిలీన్ మీద మామూలు జిగురు ఏదీ పట్టదు, దాన్ని కరిగించాల్సిందే. పీపీఆర్‌ని కరిగించి అతికే మిషన్ మీద పీవీసీని పెట్టాలని మాత్రం ఎవరూ చూడకండి. అది సరిగ్గా కరగకముందే పాడై హైడ్రోజన్ క్లోరైడ్ వదులుతుంది. ఆ ఘాటు గొంతుకీ మంచిది కాదు, మిషన్‌కీ మంచిది కాదు.

సైజు దగ్గర కాసేపు ఆగాను. పీపీఆర్‌లో 25 అంటే మి.మీ.లో బయటి వ్యాసం. వేడినీళ్లకు వాడే పీఎన్ 20 అనే ప్రెషర్ తరగతిలో 25 పైపు గోడ మందం 4.2 మి.మీ. రెండు వైపులా కలిపి 8.4 పోతే నీళ్లకు మిగిలేది 16.6. జీఐలో ముప్పావు అంగుళం అన్న పేరు లోపలి రంధ్రాన్ని బట్టి వచ్చింది, కొత్త పైపులో అది 21 మి.మీ. దాకా ఉంటుంది. పీపీఆర్ 25నీ ముప్పావు అనే పిలుస్తారు. ఆ మాట నమ్మి ముప్పావు తీసి ముప్పావు వేస్తే నీటి దారి 40 శాతం దాకా తగ్గిపోతుంది. తుప్పు పట్టిన పైపు తీసి ఇరుకు పైపు వేసుకున్నట్టు అవుతుంది. 32 పైపు గోడ 5.4, లోపల 21.2. కాబట్టి గీజర్ నుంచి పైకి వెళ్లే మెయిన్ 32, అక్కడి నుంచి చీలే కొమ్మలు 25, కుళాయిల దగ్గర చివరి ముక్కలు 20.

శనివారం ఉదయం: మిషన్

మిషన్ అంటే పెద్దదేమీ కాదు. పిడి, దాని ముందు చదునైన వేడి పలక, పలకకు రెండు వైపులా బిగించే డైలు. ఒక వైపు గొట్టంలా లోపల ఖాళీగా ఉండే డై. పైపు అందులోకి వెళ్తే బయటి పొర కరుగుతుంది. రెండో వైపు మొనలా పొడుచుకొచ్చిన డై. దానికి ఫిట్టింగ్ (పైపులను కలిపే ముక్క) తొడిగితే లోపలి పొర కరుగుతుంది. రెండూ ఒకేసారి వేడెక్కాలి, ఒకేసారి బయటికి రావాలి.

ఉష్ణోగ్రత 260 డిగ్రీలు. పీపీఆర్ కరిగేది 150కి కాస్త అటూ ఇటూగా. మరి అంత ఎక్కువ ఎందుకంటే ప్లాస్టిక్ వేడిని లోపలికి పోనివ్వదు. ఇనుముతో పోలిస్తే వేడి ప్రసరణ వందల రెట్లు తక్కువ. కొద్ది సెకన్లలో పైపొర కాస్త లోతుగా కరగాలి, లోపలి గోడ గట్టిగానే నిలవాలి. వేడి తగ్గించి ఎక్కువసేపు పెడితే గోడ మొత్తం మెత్తబడి పైపు ఆకారమే పోతుంది. 260కి ఇంకో కారణం డైల మీద ఉన్న టెఫ్లాన్ పూత. ఎక్కువసేపు పని చేయాల్సిన చోట టెఫ్లాన్‌కి హద్దు దాదాపు అక్కడే. డయల్ ఇంకా పైకి తిప్పితే పూత పాడవడం మొదలవుతుంది, ఆ పొగ పీల్చకూడదు కూడా. రాయ్ ప్లంకెట్ 1938లో అనుకోకుండా టెఫ్లాన్ కనిపెట్టకపోయి ఉంటే, కరిగిన ప్లాస్టిక్ అంతా డైలకే అంటుకుపోయేది.

డయల్ మీద అంకెను నమ్మలేదు. డై మీద తాకించి చూసే థర్మోమీటర్‌తో కొలిచాను. వేడెక్కుతున్నంతసేపూ వెలిగే మిషన్ దీపం మొదటిసారి ఆరినప్పుడు పలక వేడెక్కి ఉంటుంది కానీ డై కొస దాకా వేడి చేరదు. దీపం ఇంకోసారి వెలిగి ఆరేదాకా ఆగితే రెండూ దగ్గరికొచ్చాయి. గన్ తరహా ఇన్‌ఫ్రారెడ్ థర్మోమీటర్ మెరిసే లోహం మీద తక్కువ చూపిస్తుంది. దాన్ని చూసి డయల్ పెంచేవాళ్లు ఉన్నారు.

డైలు తుడవడానికి నూలు గుడ్డ మాత్రమే వాడాలి, అదీ వేడిగా ఉన్నప్పుడే. పాలిస్టర్ గుడ్డయితే అదే కరిగి అంటుకుంటుంది. చాకుతో గీకితే పూత పోతుంది, ఆ తర్వాత ప్రతి అతుకూ ఆ గీత దగ్గర అంటుకుంటూ పీకుతుంది.

శనివారం మధ్యాహ్నం: నమూనాలు చేసి కోయడం

ఈ పనిలో చిక్కేమిటంటే, అతుకు బయటినుంచి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. ఫిట్టింగ్ మూతి చుట్టూ చక్కటి రింగు వస్తే మేస్త్రీ కూడా సరే అంటాడు. లోపల ఏమైందో రింగు చెప్పదు. అందుకే గోడ మీదికి వెళ్లేముందు మిగులు పైపుతో కావాలనే తప్పుగా కొన్ని, సరిగ్గా కొన్ని అతికి, హ్యాక్సాతో నిలువుగా చీల్చి చూశాను.

డీవీఎస్ అనే జర్మన్ వెల్డింగ్ సంఘం మార్గదర్శకం 2207లో ఉన్న సమయాలనే చాలామంది తయారీదారులు తమ కాగితాల మీద వేస్తారు. 20 పైపుకు 5 సెకన్లు వేడి, 25కి 7, 32కి 8. డై నుంచి తీశాక కలపడానికి 20కీ 25కీ 4 సెకన్లు, 32కి 6. ఆ తర్వాత పూర్తిగా చల్లారడానికి 25 వరకూ 2 నిమిషాలు, 32కి 4. గది 5 డిగ్రీల కంటే చల్లగా ఉంటే వేడి చేసే సమయం సగం పెంచాలి. సెకన్లు లెక్కపెట్టేది పైపు డైకి తగిలిన క్షణం నుంచి కాదు, పైపూ ఫిట్టింగూ రెండూ గుర్తు దాకా లోపలికి చేరాక.

25 పైపు మీద మూడు రకాలు చూశాను.

మొదటిది 3 సెకన్లు. బయట రింగు సన్నగా వచ్చింది, అయినా ఎవరైనా చూస్తే బాగుందనే అంటారు. చీల్చాక కోసిన ముఖాన్ని సన్నటి ఇసుక కాగితంతో రుద్ది, తడి చేసి వెలుతురులో వంచి చూస్తే పైపుకీ ఫిట్టింగుకీ మధ్య వెంట్రుకవాసి గీత కనిపించింది. స్క్రూడ్రైవర్ మొన దూర్చి తిప్పితే గీత వెంబడే ఊడివచ్చింది. ఊడిన ముఖం నున్నగా, పైపు పుట్టినప్పటి మెరుపుతోనే ఉంది. అంటే రెండూ ఒకదానికొకటి అంటుకున్నాయి తప్ప కలవలేదు.

రెండోది 7 సెకన్లు. చీల్చిన ముఖం మీద గీత ఎక్కడ ఉండాలో తెలిసి కూడా వెతికితే దొరకలేదు. వైస్‌లో బిగించి పట్టకారుతో పైపు గోడను వెనక్కి లాగితే అతుకు దగ్గర కాకుండా పైపు గోడే తెల్లబారి సాగింది. కరిగిన రెండు ముఖాల్లోని పొడవాటి అణు గొలుసులు ఒకదాంట్లోకి ఒకటి పాకి, చల్లారేటప్పుడు అలాగే ముడిపడిపోతే వచ్చే ఫలితం ఇది. మధ్యలో మూడో పదార్థం ఏదీ లేదు, ఆ చోట పైపు, ఫిట్టింగ్ కలిసి ఒకే ముద్ద.

మూడోది 15 సెకన్లు, పైగా గుర్తు దాటి నొక్కాను. బయట రింగు లావుగా, చూడ్డానికి మహా బలంగా ఉంది. లోపల చూస్తే కరిగిన ప్లాస్టిక్ పైపు కొస దగ్గర పెదవిలా లోపలికి ముడుచుకుని ఉంది. 16.6 మి.మీ. ఉండాల్సిన రంధ్రం కాలిపర్‌తో కొలిస్తే 11కి పడిపోయింది. లీకు రాదు, ప్రెషర్ టెస్ట్‌లో పట్టుబడదు, షవర్ మాత్రం నీరసంగా వస్తుంది. కారణం గోడలో ఉంటుంది. కొత్త పీపీఆర్ లైన్ వేశాక కూడా ప్రెషర్ తక్కువ అని చాలామంది మోటారును తిట్టుకోవడం వెనక సగం కథ ఇదేనని నా అనుమానం.

దీన్ని ఆపేది ఒక్కటే, లోతు గుర్తు. 20కి 14, 25కి 16, 32కి 18 మి.మీ. పైపు కొస నుంచి కొలిచి చుట్టూ మార్కర్‌తో గీత. గీత దాకా వెళ్లాలి, దాటకూడదు.

ఆదివారం: గోడ మీద

పొడి కొలతకు పైపును ఫిట్టింగ్‌లో దూర్చి చూసుకుందామంటే కుదరదు. పైపు బయటి వ్యాసం ఫిట్టింగ్ లోపలి వ్యాసం కంటే కాస్త ఎక్కువగానే చేస్తారు, చల్లగా ఉన్నప్పుడు దూరదు. దూరిందంటే ఆ ఫిట్టింగ్‌ని పక్కన పడేయాలి, రెండిటి మధ్య కరిగిన ప్లాస్టిక్ నొక్కుకోవడానికి బిగువు ఉండదు. అందువల్ల అంతా లెక్కే. రెండు ఫిట్టింగ్‌ల మూతుల మధ్య దూరం కొలిచి, 25 పైపయితే రెండు కొసలకూ 16 చొప్పున 32 కలిపి కోయాలి. ప్రతి ముక్క మీదా పొడవు రాసి, గోడ మీద దాని చోట టేపుతో అంటించి పెట్టుకున్నాను.

అంతకంటే ముఖ్యం, ఏ అతుకు ఎప్పుడు అన్నది. ఎల్బోలు (మలుపు ఫిట్టింగ్‌లు) ఉన్న ముక్కలన్నీ కింద బల్ల మీదే అతికేశాను. అక్కడ చేతికి ఆనుడు ఉంటుంది, మిషన్ స్టాండ్ మీద ఉంటుంది, రెండు చేతులూ ఖాళీ. గోడ మీద చేయాల్సినవి వీలైనంత తగ్గించుకున్నాను. గోడ మీది అతుకుకి మిషన్ మందం, రెండు డైల పొడవు పట్టేంత సందు ఉండాలి. పైగా పైపు అంత దూరం వెనక్కి జరగాలి, తర్వాత ముందుకు రావాలి. రెండు వైపులా బిగిసిపోయిన పైపుని ఏ మిషనూ అతకలేదు. మూలలో ఆఖరి చోట యూనియన్ (మరతో బిగించి విప్పగల జాయింట్) వేశాను. ఫిట్టింగ్ ఖర్చు ఎక్కువైనా పర్వాలేదు, ఆ మూలలో మిషన్ ఇరికించి చెయ్యి కాల్చుకోవడం నాకు ఇష్టం లేదు.

ఎల్బో ఎటు తిరగాలో ముందే పైపు మీద, ఎల్బో మీద చిన్న గీత పెట్టుకోవాలి. కలిపేటప్పుడు గీతలు ఎదురెదురుగా రావాలి. కలిపిన మొదటి క్షణాల్లో రవ్వంత సరిచేయొచ్చు, 5 డిగ్రీల లోపు. మెలి తిప్పకూడదు. మరలో పైపు తిప్పి బిగించే అలవాటు ఉన్నవాళ్లకు చెయ్యి తనంతట తానే తిరుగుతుంది. తిప్పితే కరిగిన పొర ఒక పక్కకు చెదిరిపోతుంది.

బావమరిది సాయానికి వచ్చాడు. ఫోన్ పట్టుకుని, "నువ్వు పట్టుకో బావా, సెకన్లు నేను చెబుతా" అన్నాడు. ఏడు అనగానే లాగేశాను. నాలుగు సెకన్లలో గీతలు కలిపి నొక్కి, అలాగే పట్టుకున్నాను. చెయ్యి వణకకుండా పట్టుకోవడమే ఇందులో అసలు కష్టం. అర నిమిషం అయ్యాక "ఇక వదిలెయ్, గట్టిపడిందిగా" అన్నాడు. వేలితో నొక్కితే గట్టిగానే ఉంది. కానీ పైన గట్టిపడటం వేరు, 4 మి.మీ. గోడ లోపల చల్లారటం వేరు. రెండు నిమిషాలు అయ్యేదాకా దాని మీద ఏ బరువూ పడనివ్వలేదు. తడి గుడ్డ చుట్టి తొందరగా చల్లార్చడం ఇంకా చెడ్డ పద్ధతి, బయటి పొర ముడుచుకుని లోపల బిగుతు మిగిలిపోతుంది.

కిటికీ పక్క అతుకులకు కిటికీ మూసేశాను. గాలి తగిలితే డై నుంచి తీసిన 2 సెకన్లలోనే కరిగిన ముఖం మీద పొర కట్టేస్తుంది.

ఆదివారం సాయంత్రం: నీటి చుక్క

గీజర్ దగ్గర పాత లైన్‌లో మిగిలిన నీళ్లు ఎంత ఒంపినా చుక్క చుక్కగా వస్తూనే ఉన్నాయి. చుక్క 260 డిగ్రీల డైని తాకితే ఆవిరి, ఆవిరి కరిగిన పొరలో బుడగలు. బుడగల్లోంచి లీకు వెంటనే రాదు, కొన్నాళ్లకు రావచ్చు. ఈ చోట వేడి అతుకు వేసే ఆలోచన మానుకున్నాను. ఇత్తడి మర ఉన్న అడాప్టర్‌ని బల్ల మీద పొడిగా ఉన్న పైపుకి అతికి, పూర్తిగా చల్లారాక మర వైపు టెఫ్లాన్ టేపు చుట్టి గీజర్‌కి బిగించాను. ఇత్తడి అడాప్టర్‌ని బిగించేటప్పుడు దాని షడ్భుజి భాగానికే స్పానర్ వేయాలి. ప్లాస్టిక్ వైపు పట్టుకుని తిప్పితే ఇత్తడి లోపలే వదులవుతుంది.

మధ్యలో ఇంకో ముక్క: డ్రమ్ము పగులు

చల్లారే నిమిషాల్లో ఊరికే కూర్చోలేక, వాడుకనీళ్ల డ్రమ్ము మీది పగులు సంగతి కూడా చూశాను. అడుగున త్రికోణంలో 2 అంకె ఉంది, అంటే హెచ్‌డీపీఈ, పాలిథిలీన్‌లో గట్టి రకం. అంకె చెరిగిపోతే చిన్న ముక్క కోసి నీళ్లలో వేస్తే కొంత తెలుస్తుంది. పాలిథిలీన్, పాలీప్రొపిలీన్ తేలతాయి, పీవీసీ మునుగుతుంది. తేలే ఆ రెండిట్లో ఏదో తేల్చుకోవడం అవసరం, ఎందుకంటే ఒకటి ఇంకోదానికి అతకదు. పీపీఆర్ ముక్కతో హెచ్‌డీపీఈ డ్రమ్ముని అతికితే చల్లారాక గోటితో పీకేయొచ్చు.

అందుకే అతికే కడ్డీని డ్రమ్ము మూత అంచు నుంచే సన్నగా కోసుకున్నాను. పగులు రెండు కొసల్లో చిన్న రంధ్రం వేస్తే అది ముందుకు పాకదు. పగులు పొడవునా వీ ఆకారపు గాడి తీసి, పైపొర గీకాలి. ఎండకు, గాలికి ఆక్సీకరణ చెందిన ఆ పొర మీద ఏదీ కలవదు. హాట్ ఎయిర్ గన్‌కి సన్నటి మూతి పెట్టి, 300 డిగ్రీల దగ్గర, గాలిని కడ్డీ మీదా గాడి మీదా మార్చి మార్చి ఊపుతూ, కడ్డీని నిటారుగా కిందికి నొక్కుతూ పోవాలి. రెండిటి ముఖం నిగనిగలాడిన క్షణంలోనే నొక్కడం. పొగ వస్తే ఎక్కువైనట్టు. డ్రమ్ము నీళ్లు నిలుపుతోంది. ప్రెషర్ ఉండే పైపుని మాత్రం ఇలా అతకను.

వీధుల్లో వేసే పెద్ద హెచ్‌డీపీఈ పైపుల పద్ధతి వేరు. రెండు కొసలను మిషన్‌లో బిగించి, సమంగా చెక్కి, 200 నుంచి 220 డిగ్రీల పలకకు ఆనించి, పలక తీసేసి ఒకదానికొకటి నొక్కి, ఆ నొక్కుడు మీదే చల్లారనిస్తారు. సందు లేని చోట లోపల తీగ చుట్టి ఉన్న కప్లర్ తొడిగి కరెంట్ ఇస్తారు, దానికి ముందు పైపు మీద 0.2 మి.మీ. పొర గీకాలి. ఇంటికి ఈ రెండూ అక్కర్లేదు.

సోమవారం రాత్రి: ప్రెషర్

లైన్‌ని కింద నుంచి నెమ్మదిగా నింపి, పైన కుళాయి తెరిచి గాలి మొత్తం పోనిచ్చాను. గాలితో టెస్ట్ చేయడం ప్రమాదం. నొక్కుకుపోయిన గాలితో పైపు పగిలితే ముక్కలు ఎగురుతాయి, నీళ్లు అయితే చిమ్మి ఊరుకుంటాయి.

పని ప్రెషర్‌కి ఒకటిన్నర రెట్లు, అంటే 10 బార్ లైన్‌కి 15. చేతి పంపుతో ఎక్కించగానే ప్రెషర్ గేజ్ ముల్లు దిగడం మొదలైంది. మొదటిసారి చూసేవాళ్లకు ఇక్కడ టెన్షన్ తప్పదు. లీకు కాదది, ప్లాస్టిక్ పైపు ప్రెషర్‌కి కాస్త ఉబ్బుతుంది. అందుకే జర్మన్ ప్రమాణం డిన్ 1988 పద్ధతిలో మొదటి 30 నిమిషాల్లో పది నిమిషాల తేడాతో రెండుసార్లు మళ్లీ ఎక్కిస్తారు. ఆ తర్వాతి అర గంటలో 0.6 బార్‌కి మించి పడకూడదు. ఆ వెంటనే అసలు పరీక్ష 2 గంటలు, అందులో 0.2కి మించకూడదు. నీళ్లు 10 డిగ్రీలు వేడెక్కినా చల్లబడినా ముల్లు అర బార్ నుంచి ఒక బార్ దాకా కదులుతుంది కాబట్టి ఎండ తగ్గాక రాత్రి పెట్టుకున్నాను.

అర గంట పరీక్షలో ముల్లు 0.6 దాటి దిగింది. టిష్యూ కాగితంతో అతుకు అతుకూ తుడుచుకుంటూ పోతే వేడి అతుకులన్నీ పొడిగానే ఉన్నాయి. తడిసింది గీజర్ దగ్గరి ఇత్తడి మర. గీజర్ వైపు పాత మర అంచు అరిగి ఉంది. ఒంపి, విప్పి, వైర్ బ్రష్‌తో మర శుభ్రం చేసి, టేపు ఇంకొన్ని చుట్లు వేసి బిగించాక పరీక్ష మొదటి నుంచి మళ్లీ పెట్టాను. ఈసారి రెండు గంటల్లో 0.1 పడింది.

ఇంకా మిగిలినవి

పాలీప్రొపిలీన్ వేడికి మీటరుకు, డిగ్రీకి 0.15 మి.మీ. సాగుతుంది. మెయిన్ పైపు 6 మీటర్లు, చన్నీళ్లకీ వేడినీళ్లకీ తేడా 40 డిగ్రీలు అనుకుంటే 36 మి.మీ. అందుకే మెయిన్ మీద ఒక్క క్లాంపే గట్టిగా బిగించాను, మిగతావి పైపు జారేలా వదులుగా. పై కొసన మలుపు తర్వాతి ముక్కకు గోడ నుంచి క్లాంపు దూరంగా పెట్టాను, మలుపు అటూ ఇటూ వంగడానికి చోటు కావాలి.

గోడలో గాడి మూసేముందు ప్రతి ముక్క పక్కన టేపు పెట్టి ఫోటోలు తీయాలి. టైల్స్ వేశాక డ్రిల్ ఎక్కడ పెట్టకూడదో అవే చెబుతాయి. మేడ మీద ఎండ తగిలే మీటరు ముక్కకు తొడుగు వేయాలి, పీపీఆర్ ఎండకు పెళుసెక్కుతుంది. అదే తొడుగు వేడి కూడా ఆపుతుంది కాబట్టి మెయిన్ మొత్తానికి ఒకేసారి తెప్పిస్తున్నాను. మేస్త్రీ గురువారం వస్తానన్నాడు, అప్పటిదాకా లైన్‌ని మామూలు ప్రెషర్‌లో అలాగే నీళ్లతో వదిలేస్తున్నాను.